‘ఆయ్’ అని పాడిన మా బావగారు

మా బావగారు పోయారు. రెండో పంట దాళ్వా నాట్లు పూర్తయి చేలు పచ్చబడుతున్న వారంలో, ఒక సాయంత్రం నేను బడినుంచి వచ్చి చెప్పులు విడుస్తుండగా ఇటలీనుంచి అక్క ఫోన్ చేసింది. "పొద్దున్న వెళ్లిపోయారే" అంది. వరండాలో కూర్చున్న నాన్నగారు నా మొహం చూసి, "అల్లుడుగారేనా?" అన్నారు. తలూపాను. ఆయన కళ్లజోడు తీసి పంచె అంచుతో తుడవడం మొదలుపెట్టారు. ఎంతకీ ఆపలేదు.

ఆ రోజంతా ఇటలీలో రేడియోలన్నీ బావగారి పాటలే వేశాయట. పేపర్లన్నీ మొదటి పేజీలో ఆయన ఫొటో వేశాయట. ఆయన పాటలు ఎన్ని, ఏయే బహుమతులు వచ్చాయి, ఏ ఊళ్లో ఎంత జనం వచ్చారు, ఇవన్నీ అక్కడివాళ్లు రాసుకున్నారు. పాలకొల్లు పక్కన ఒక పల్లెటూళ్లో ఆయన మా ఇంటి అల్లుడని, ఆయనకి దేశమంతా పేరు తెచ్చిన పాట మా చేలో పుట్టిందని వాళ్లకి సగమే తెలుసు. మిగతా సగం మాకు తెలుసు. అందుకే ఇది రాస్తున్నాను.

ముందు అక్క సంగతి చెప్పాలి. డిగ్రీ అయ్యాక అక్క నరసాపురంలో లేసు ఎగుమతి చేసే ఒక ఆఫీసులో ఉద్యోగానికి చేరింది. మా వైపు ఆడవాళ్లు పనులయ్యాక అరుగుల మీద కూర్చుని సూదితో అల్లే లేసే విదేశాలకి వెళ్తుంది. తొంభైల మొదట్లో మిలాన్‌లో చేతిపనుల ప్రదర్శన ఏదో జరిగితే, జనం ముందు కూర్చుని అల్లి చూపించడానికి ఆఫీసువాళ్లు అక్కని పంపారు. అక్కడికి ఒక పెద్దావిడ వచ్చింది. ఆవిడకీ లేసు అల్లడం వచ్చు. ఇద్దరికీ ఒకరి భాష ఒకరికి రాదు. ఒకరి సూది ఒకరు లాక్కుని కుట్లు చూపించుకుంటుంటే, ఆవిడ వెనక నిలబడిన కొడుకు వచ్చీరాని ఇంగ్లీషులో అటూ ఇటూ మాటలు చేరవేశాడు. ఆ కొడుకే మా బావగారు.

అప్పటికి ఆయన పేరు ఎవరికీ తెలియదు. పగలు తండ్రి షెడ్డులో ట్రాక్టర్లు బాగుచేసేవారు. సాయంత్రాలు గిటారు పట్టుకుని చిన్నచిన్న హోటళ్లలో సొంత పాటలు పాడేవారు. రెండు క్యాసెట్లు వేస్తే చుట్టాలు కొన్నారట.

ఏడాదిపాటు ఉత్తరాలు నడిచాక, అక్క ఇంట్లో విషయం చెప్పింది. నాన్నగారు నెలరోజులు ఆ మాటే ఎత్తలేదు. చివరికి, "ఆ అబ్బాయినే వచ్చి అడగమను" అన్నారు. అంతదూరంనుంచి ఎవడొస్తాడులే అనుకుని ఉంటారు. జనవరి చివర్లో ఆయన నిజంగానే పాలకొల్లు స్టేషన్లో దిగారు. ఆరడుగుల మనిషి, భుజాలమీద జుట్టు, వీపున గిటారు. రిక్షా ఎక్కమంటే తనే తొక్కుతానన్నారట. రిక్షా అతను ఒప్పుకోలేదు.

నాన్నగారు వరండాలో పడక్కుర్చీలో కూర్చుని, ఆయనవైపు చూడకుండా అక్కనడిగారు.

"అబ్బాయి ఏం చేస్తాడు?"

"పాటలు రాసి, బాణీ కట్టి, తనే పాడతారండి."

"సినిమాలకా?"

"కాదండి. సొంతంగా."

"సొంతంగా అంటే? ఎవరూ పాడమనకుండానేనా?"

అక్క మొహం ఎర్రబడింది. అయినా ఉన్నదున్నట్టు ఇంగ్లీషులో బావగారికి చెప్పింది. ఆయన కాసేపు ఆలోచించి ఏదో అన్నారు.

"అవునంటున్నారండి. మొదట ఎవరూ అడగరట. తర్వాత వాళ్లే పాడమంటారట."

"తర్వాతంటే ఎప్పుడు?"

"అది తెలీదంటున్నారు."

తలుపు చాటున అమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నాన్నగారికి మాత్రం నవ్వు రాలేదు. "నెలరోజులు ఉండి ఊరు చూసి వెళ్లమను. పెళ్లిమాట తర్వాత చూద్దాం" అని లేచి పొలానికి వెళ్లిపోయారు. నాకు అది కాదన్నట్టే వినిపించింది. అక్కకీ అలాగే వినిపించింది. బావగారికి మాత్రం నెలరోజులు ఉండమన్న మాటే వినిపించింది. మేడమీది గదిలో సామాను సర్దుకుని, మర్నాటినుంచి నాన్నగారి వెనకాల పొలం వెళ్లడం మొదలుపెట్టారు.

ఆయన ఊరూ వరి పండే ఊరేనని మాకు అప్పుడే తెలిసింది. ఇటలీలో వరి పండుతుందని మా ఊళ్లో ఎవరూ నమ్మలేదు. గట్టుమీద నిలబడి, చేత్తో చూపిస్తూ, మడి ఎలా కడతారో, నీళ్లు ఎలా వదుల్తారో చెప్పారు. వాళ్ల నాయనమ్మ ఊడ్పులకి వెళ్లేదట, ఆవిడ పాడిన ఊడ్పు పాటలే తన మొదటి పాఠాలట. "మీకు ఏ నది నీళ్లండి?" అని నాన్నగారు అడిగితే, "పో" అన్నారు. నాన్నగారు ఉలిక్కిపడ్డారు. అది నది పేరేనని అక్క సర్దిచెప్పింది. ఆ సాయంత్రం నాన్నగారు అమ్మతో, "నదికి పో అని పేరు పెట్టుకున్నారు, ఎంత మొండివాళ్లో. అయినా పంట బాగానే తీస్తారట" అన్నారు. మా ఇంట్లో ఆయన గురించి నాన్నగారు అన్న మొదటి మంచిమాట అదే.

నేను అప్పుడు తెలుగు టీచరు ఉద్యోగానికి చదువుతున్నాను. ఆయన నన్ను "టీచరుగారు" అని పిలిచి మాటలు నేర్పమనేవారు. మొదట పట్టుకున్నది ‘గారు’. మా వైపు అందరికీ గారు తగిలిస్తాం కదా, ఆయన ఇంకో అడుగు ముందుకి వేశారు. "గేదెగారు పాలు ఇచ్చారు" అనేవారు. "ఇంజనుగారు పడుకున్నారు" అనేవారు. వద్దని నేనూ చెప్పలేదు, వినడానికి బాగుండేది.

ఒక రోజు ఆయన చాలా అనుమానంగా నా దగ్గరికి వచ్చారు.

"టీచరుగారూ, ఈ ఊళ్లో అందరికీ ఎక్కడ నొప్పి?"

నాకు అర్థం కాలేదు. తీరా చూస్తే సంగతి ఇది. కూలికి వస్తావా అంటే ఆయ్. భోంచేశారా అంటే ఆయ్. మా గోదావరివాళ్ల నోట్లో ఆ మాట లేనిదే రోజు గడవదు. వాళ్ల భాషలో ‘ఆయ్’ అంటే దెబ్బ తగిలినప్పుడు అనే మాట, మనం అబ్బా అన్నట్టు. వారంరోజులుగా ఆయన ఊరంతా నొప్పితో మూలుగుతోందనుకుంటున్నారు. నేను విషయం చెప్పగానే నవ్వుతారనుకున్నాను. నవ్వలేదు. అరుగుమీద కూర్చుండిపోయారు. "నొప్పికీ అవునుకీ ఒకటే మాట" అని తనలో తనే రెండుసార్లు అనుకున్నారు.

నెలరోజులు కావస్తున్నా నాన్నగారు పెళ్లిమాట ఎత్తలేదు. ఆ ఏడాది దాళ్వాకి నీళ్లు తక్కువ. కాలవ చివరి భూములకి వంతులవారీగా వదులుతున్నారు. మా వంతు వచ్చిన రోజునే, కాలవలోంచి చేలోకి నీళ్లు తోడే ఆయిల్ ఇంజను మొరాయించింది. మెకానిక్కు భీమవరంలో పెళ్లికి వెళ్లాడు. సాయంత్రానికి మా వంతు అయిపోతుంది, మళ్లీ ఎప్పుడొస్తుందో తెలియదు. చేను అప్పటికే నెర్రెలిచ్చింది. నాన్నగారు గట్టుమీద చతికిలబడ్డారు. ఆయన అలా కూర్చోవడం నేనెప్పుడూ చూడలేదు.

బావగారు చొక్కా విప్పి ఇంజను దగ్గర కూర్చున్నారు. ఒక్కొక్క భాగం విప్పి వాసన చూసి, గుడ్డమీద పెట్టారు. నూనె చిమ్మే నాజిల్ దగ్గర ఆగి, దాని రంధ్రం మూసుకుపోయిందని చూపించారు. దూర్చడానికి సన్నటి తీగ కావాలి. ఇంట్లో ఉన్న సూదులన్నీ తెచ్చాం, ఒక్కటీ పట్టలేదు. ఆయన లేచి ఇంటికి పరిగెత్తారు. తిరిగొచ్చినప్పుడు చేతిలో గిటారు తీగ ఉంది, అన్నిటికన్నా సన్నటిది. దాన్ని తుంచి, ఆ ముక్కతో రంధ్రం శుభ్రం చేసి, కిరసనాయిలుతో కడిగి అన్నీ బిగించారు. హ్యాండిల్ పట్టుకుని నాన్నగారివైపు తిరిగి, నేను నేర్పిన తెలుగు కూడబలుక్కుని, "మావయ్యగారండీ, ఇంజను వెయ్యమంటారా?" అన్నారు.

నాన్నగారు "ఆయ్" అన్నారు.

ఇంజను దగ్గింది, ఆగింది, మళ్లీ దగ్గింది, ఆ తర్వాత దగ్ దగ్ దగ్ దగ్ అని పరుగందుకుంది. గొట్టంలోంచి నీళ్లు దూకాయి. మేమందరం నీళ్లనే చూస్తున్నాం. ఆయన మాత్రం కళ్లు మూసుకుని ఇంజను వింటున్నారు. కాలు ఆడిస్తూ, ఆ మోతమీద ఏదో పాడుకుంటున్నారు. కాసేపటికి గొంతెత్తారు. కలుపు తీసి ఇంటికి పోతున్న ఆడవాళ్లు పక్క గట్టుమీద ఆగిపోయారు. మాట ఒక్కటీ తెలియకపోయినా, చరణం చివర ఆయన "ఆ...య్" అన్నప్పుడల్లా వాళ్లూ నవ్వుతూ "ఆయ్" అన్నారు.

ఆ రాత్రి భోజనాల దగ్గర నాన్నగారు అమ్మతో అన్నారు: "ఇంజను బాగుచేశాడని కాదు. తన వాయిద్యం తీగ తుంచి మన చేలోకి నీళ్లు పెట్టాడు. పిల్లని బాగానే చూసుకుంటాడు. ముహూర్తం పెట్టించు."

మాఘమాసంలోనే పెళ్లయింది, మా ఇంటి ముందు పందిట్లో. సన్నాయి మేళంలోని డోలాయన పక్కనే కూర్చుని పెళ్లికొడుకు సాయంత్రమంతా అయిదు తీగల గిటారు వాయించారు. ఊరు విరగబడి చూసింది. "పెళ్లికొడుకే మేళం వాయించుకోవడం ఇదే మొదలండి" అని పురోహితుడుగారు చాలా కాలం చెప్పుకున్నారు.

తర్వాతి ఏడాది ఇటలీనుంచి అక్క ఒక క్యాసెట్టు పంపింది. మా టేప్‌రికార్డర్లో వేసుకుని చుట్టూ కూర్చున్నాం. డ్రమ్ములు మొదలవగానే నాన్నగారు తల ఎత్తారు. దగ్ దగ్ దగ్ దగ్. పాట అర్థం అక్క కాగితంమీద రాసింది. ఒక ఊరుందట, అక్కడ మనుషులు నొప్పి మాటతోనే అవునంటారట. చేలోకి నీళ్లు కావాలా అంటే ఆయ్. ఎండలో నాతో నడుస్తావా అంటే ఆయ్. కూతుర్నిస్తావా అంటే నెలరోజులు ఆలోచించి, ఆయ్. ఒప్పుకోవడమంటే కొంచెం నొప్పి పడడమేనని వాళ్లకి ముందే తెలుసట. అది చదివి నాన్నగారు, "నా సంగతి దేశమంతా చాటాడన్నమాట" అన్నారు. కోపమేమో అనుకున్నాం. కానీ ఆ పాట మళ్లీ వెయ్యమన్నది ఆయనే.

దేశమంతా అన్నమాట ఎంత నిజమో మాకు ఆలస్యంగా తెలిసింది. అక్క తన భర్త గొప్ప చెప్పుకునే మనిషి కాదు. నరసాపురం లేసు వ్యాపారి ఒకాయన ఇటలీ వెళ్లొచ్చి, పనిగట్టుకుని మా ఇంటికి వచ్చారు. "మీ అల్లుడుగారి బొమ్మ అక్కడ గోడలనిండా ఉందండి. నేను ఎక్కిన టాక్సీలో ఆయన పాటే. మావాడేనంటే డ్రైవరు నా దగ్గర డబ్బు పుచ్చుకోలేదండి" అన్నారు. ఊళ్లో సగంమంది నమ్మలేదు. నమ్మినవాళ్లు కూడా, ఎవరో అదే పోలికల మనిషి అయ్యుంటాడన్నారు.

ఆ అనుమానం ఒక వేసవిలో తీరిపోయింది. వీపున సంచులు వేసుకున్న ఇద్దరు ఇటలీ ఆడపిల్లలు తణుకు బస్సు దిగి, అడుగుతూ అడుగుతూ మా ఇంటికి వచ్చారు. వాళ్లకి వచ్చిన తెలుగు రెండే మాటలు. ఒకటి ‘ఆయ్’, రెండోది ‘ఇంజను’. నాన్నగారు వాళ్లని చేలోకి తీసుకెళ్లి, రేకుల పాకలో ఉన్న ఆయిల్ ఇంజను చూపించారు. వాళ్లు దానిముందు నిలబడి ఏడ్చారు. మేం గుళ్లో నిలబడ్డట్టు నిలబడి, దాన్ని తాకి, ఫొటోలు తీసుకున్నారు. నాన్నగారు కొబ్బరి బొండాలు దింపించి, అవి తాగమని చేతులతో చెప్తూ, "అమ్మా, ఇది మామూలు ఇంజనే" అంటూనే ఉన్నారు. ఆ తర్వాత ఏటా ఎవరో ఒకరు వచ్చేవారు. పాలకొల్లు బస్టాండులో ఆటోవాళ్లు తెల్లవాళ్లని చూడగానే, ఏమీ అడక్కుండా మా ఊరు తీసుకొచ్చి దింపేవారు.

రెండువేల సంవత్సరం దాటాక, ఒక జూన్‌లో, తొలకరి పనులు మొదలవక ముందు నాన్నగారినీ నన్నూ అక్క పిలిపించుకుంది. అమ్మ విమానం ఎక్కనంది. మిలాన్‌లో ఒక ఫుట్‌బాల్ స్టేడియంలో బావగారి కచేరీ. నాన్నగారు ఇస్త్రీ పంచె, లాల్చీ వేసుకుని, చెవుల్లో పెట్టుకోవడానికి అక్క ఇచ్చిన దూది చేతిలో పట్టుకుని కూర్చున్నారు. చుట్టూ చూస్తే ముసలమ్మలున్నారు, చంటిపిల్లల్ని భుజాలకెత్తుకున్న తండ్రులున్నారు, గోలగోలగా కాలేజీ పిల్లలున్నారు. పైవరకూ మనుషులే. గోదావరికి వరదొచ్చినప్పుడు గట్టుమీద నిలబడితే వచ్చే హోరులాంటిదే అక్కడా.

"ఇంతమందీ ఆయన కోసమేనా?" అన్నారు నాన్నగారు.

"ఆయన కోసమేనండి" అంది అక్క.

రెండుగంటలు పాడారు. జనానికి ప్రతి మాటా వచ్చు. ఆయన ఆగిన చోట వాళ్లు అందుకున్నారు. చివర్లో లైట్లు తగ్గాయి. బావగారు ముందుకి వచ్చి, అందరూ చూస్తుండగా గిటారులో సన్నటి తీగ విప్పి పక్కన పెట్టారు. ఆ పాట ఆయన ఎప్పుడూ అయిదు తీగలతోనే వాయించేవారని నాకు అప్పుడు తెలిసింది. డ్రమ్ములు దగ్గాయి, ఆగాయి, మళ్లీ దగ్గాయి. నాన్నగారు నిటారుగా అయ్యారు. "ఇది మన ఇంజనే" అన్నారు.

బావగారు మైకు దగ్గరికి వంగి, తెలుగులో అడిగారు.

"మావయ్యగారండీ, ఇంజను వెయ్యమంటారా?"

తననే అడిగారనుకుని నాన్నగారు, పక్కింటివాళ్లకి జవాబిచ్చినట్టు మామూలు గొంతుతో, "ఆయ్, వెయ్యండి" అన్నారు. సరిగ్గా అదే క్షణంలో స్టేడియం మొత్తం "ఆ...య్" అంది. నేల అదిరింది. నాన్నగారు నా చెయ్యి గట్టిగా పట్టుకున్నారు. ఇన్నేళ్లుగా ప్రతి కచేరీలోనూ ఆయన ఈ పాటకి ముందు ఆ ప్రశ్న అడుగుతున్నారని, జనం నాన్నగారి జవాబే చెప్తున్నారని అక్క మా చెవుల్లో అరిచి చెప్పింది. ఆ మాట తెలుగని, దాని అర్థం ఏమిటని అక్కడ చిన్నపిల్లలకి కూడా తెలుసట. గోదావరి పిల్లకాలవ గట్టుమీది మాట అన్ని వేలమంది నోళ్లలో పలుకుతుంటే, తెలుగు పాఠాలు చెప్పుకు బతికే నాకు ఎలా ఉంటుందో ఊహించుకోండి. నాన్నగారి చేతిలోని దూది ఎప్పుడో కింద పడిపోయింది.

కచేరీ అయ్యాక తెర వెనక బావగారు చెమటతో తడిసి ముద్దై మా దగ్గరికి వచ్చారు. నాన్నగారు పొగుడుతారేమోనని చూశాను. "గొంతు ఎండిపోయుంటుంది, ముందు మంచినీళ్లు తాగండి" అన్నారు. తనే గ్లాసు అందించారు. ఆయన తాగినంతసేపూ వీపుమీద చెయ్యి వేసి నిలబడ్డారు.

అంత పేరొచ్చినా మా ఇంట్లో ఆయన తీరు మారలేదు. వచ్చినప్పుడల్లా లుంగీ కట్టుకుని వంటింటి గడపమీద కూర్చునేవారు. రొట్టెకి ఆవకాయ రాసుకుని కన్నీళ్లు కారుతుండగా తినేవారు. మధ్యాహ్నం నులకమంచంమీద పడుకుని, వడ్రంగి పిట్ట కొడుతుంటే వేళ్లతో తాళం లెక్కపెట్టేవారు. పాట ఎలా వస్తుందని ఒకసారి అడిగాను. "టీచరుగారూ, గొంతు తర్వాత. ముందు చెవి ఖాళీగా ఉంచుకోవాలి" అన్నారు. అంతమంది మీ కోసం వస్తుంటే గర్వంగా ఉండదా అంటే, "నా కోసం రారు. అందరూ కలిసి అరిస్తే తమ గొంతు ఎలా ఉంటుందో వినడానికి వస్తారు. నేను ఇంజను వేస్తాను, అంతే" అన్నారు.

రెండేళ్ల కిందట జబ్బు తెలిసింది. ఆపరేషన్ తర్వాత గొంతు సన్నబడింది. ఆ శీతాకాలం అక్కతో కలిసి వచ్చినప్పుడు, గోదావరి మధ్యలో గుడి ఉన్న పట్టిసీమ చూస్తానన్నారు. లాంచీలో పెనుగొండనుంచి వచ్చిన ఆడవాళ్లు కొందరు భజన పాడుతున్నారు. ఆయన ఎవరో వాళ్లకి తెలియదు. పక్కన కూర్చుని, లాంచీ చెక్కమీద వేళ్లతో తాళం వేశారు. వాళ్లు వేగం పెంచితే పెంచారు, తగ్గిస్తే తగ్గించారు. దిగేటప్పుడు అందులో పెద్దావిడ అక్కతో, "మీ ఆయనకి తాళం బాగా వచ్చండి. నేర్పిస్తే పాట కూడా వచ్చేస్తుంది" అంది. అక్క ఆ మాట చెప్తే ఆయన ఇసుకలో నిలబడిపోయి నవ్వారు. అంతకన్నా పెద్ద బహుమతి తనకి రాలేదన్నారు. సరదాకి అన్నారనుకోను.

ఆయన చివరి కచేరీ మేం చూడలేదు. గొంతు సహకరించకపోతే పాటంతా జనమే పాడారని, ఆయన కుర్చీలో కూర్చుని గిటారు వాయిస్తూ విన్నారని అక్క చెప్పింది. ఓడిపోయినట్టు లేదట ఆయన మొహం. పండిన చేను చూసుకునే రైతులా ఉన్నారట.

పోయిన వారం అక్క కూతురు వచ్చింది. అంత్యక్రియల సీడీ తెచ్చింది. మా హాల్లో టీవీ ముందు ఇరుగుపొరుగు అందరూ కూర్చున్నారు. తెరమీద వాళ్ల చిన్న ఊరు. షాపులన్నీ మూసేశారు. చర్చి తలుపులు తెరుచుకుని, మనుషుల భుజాలమీద ఆయన శవపేటిక బయటికి వచ్చింది. అప్పుడు వీధిలో ఉన్న జనం, మేడలమీద, కిటికీల్లో ఉన్న జనం, ఒక్కసారిగా చప్పట్లు కొట్టడం మొదలుపెట్టారు.

"అదేంటండీ, పోయినప్పుడు చప్పట్లేంటి?" అంది పక్కింటి పిన్నిగారు.

"బాగా బతికినవాళ్లని అక్కడ అలాగే పంపిస్తారమ్మమ్మా" అంది అక్క కూతురు.

నాన్నగారు కుర్చీ చేతులమీద బరువు మోపి, నెమ్మదిగా లేచి నిలబడ్డారు. పంచె సర్దుకున్నారు. తెరమీద నల్లకారు కదిలి, రెండువైపులా మనుషులు గోడకట్టిన వీధిలోంచి అంగుళం అంగుళంగా వెళుతోంది. ఎనభై ఏళ్ల మా నాన్నగారు, నాగలి పట్టి కాయలు కాచిన ఆ చేతులతో, తొందరలేకుండా, గట్టిగా చప్పట్లు కొట్టసాగారు. ఒకరి తర్వాత ఒకరం అందరం లేచాం. కారు మలుపు తిరిగి కనిపించకుండా పోయింది. ఖాళీ వీధిలో చప్పట్లు ఆగలేదు. మా హాల్లోనూ ఆగలేదు.